ఉప్పల్ దిక్సూచి, మెట్రో రైలు, ఒక జల్లెడ

నాగోల్‌లో బయల్దేరిన మెట్రో రైలు ఉప్పల్, స్టేడియం దాటాక ఆగే స్టేషన్ పేరు ఎన్.జి.ఆర్.ఐ. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆ పక్కనే ఉంది కాబట్టి ఆ పేరు పెట్టారు. అయితే ఆ సంస్థ ప్రహరీ లోపల ఉన్న ఒక చిన్న అయస్కాంత పరిశీలనశాలకు ఈ రైలంత గిట్టని పొరుగు మరొకటి లేదు. 1964లో మొదలైన ఆ శాలకు అప్పగించిన పని ఒక్కటే. హైదరాబాద్ దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం ఏ వేళకు ఎంత బలంగా ఉందో, ఎటు మొగ్గి ఉందో రాసిపెట్టడం. అరవై ఏళ్లుగా అలా పేరుకున్న అంకెల చిట్టా ఇప్పుడు ప్రపంచంలో ఎవరైనా తమ కంప్యూటర్‌లోకి దించుకుని చదవగల దస్త్రాలుగా ఉంది. చదవడం తేలికే, సరిగ్గా చదవడమే కష్టం. వరుసలూ గడులూ ఉన్న అంకెలను ఒక ప్రోగ్రాము చదివి, అక్కర్లేనివి వడగట్టి, మనకో నివేదిక ఇచ్చిందనుకుందాం. నివేదిక తప్పని తేలితే ప్రోగ్రాములో ఏ పంక్తి చెడిందా అని వెతుకుతాం. ఉప్పల్ చిట్టాల చరిత్ర చూస్తే, ఆ తప్పు చాలాసార్లు ప్రోగ్రాము పుట్టకముందే పుట్టి ఉంటుందని నాకు తోస్తుంది. ఖాళీని ఎలా రాయాలి, రోజు ఎప్పుడు మొదలవుతుంది, ఏది సంకేతం, ఏది రొద అని ఒకప్పుడు ఎవరో తీసుకున్న నిర్ణయం అంకెల పక్కన లేకుండా పోవడమే దాని మూలం. అందుకే ఈ తప్పుల వేటలో సగం కంప్యూటర్ పని, సగం చరిత్రకారుడి పని. జల్లెడను ఎంత సన్నగా నేసినా ఆ రెండో సగం తీరదు.

ఈ వృత్తి మన ప్రాంతానికి కొత్త కాదు. 19వ శతాబ్దంలో యూరప్ శాస్త్రవేత్తలు భూగోళమంతా ఒకే వేళకు దిక్సూచిని చూసి రాయించాలని పూనుకున్నప్పుడు ఈస్టిండియా కంపెనీ మద్రాసు, సిమ్లా, సింగపూర్, బొంబాయిల్లో పరిశీలనలకు ఏర్పాట్లు చేసింది. బొంబాయి కొలాబాలో 1841లో మొదలైన చిట్టా ఆరు దశాబ్దాలు దాటి సాగింది. ఉప్పల్ శాల పుట్టింది ఇంకో ప్రపంచవ్యాప్త యత్నం నడిచిన కాలంలో. సూర్యుడి అలజడి బాగా తగ్గిన 1964-65ను ప్రశాంత సూర్య సంవత్సరాలుగా ప్రకటించి దేశదేశాల్లో కొలతలు తీశారు. అప్పటికి చాలాచోట్ల పద్ధతి ఒక్కటే. చీకటిగదిలో వేలాడే అయస్కాంతానికి చిన్న అద్దం, అద్దం మీద వెలుగుచుక్క, ఆ చుక్క వెళ్లి పడే చోట గడియారంతో తిరిగే డోలుకు చుట్టిన ఫొటో కాగితం. రోజుకొక కాగితం కడిగి, దాని మీది వంకరగీతను స్కేలుతో కొలిచి, గంటకొక అంకె చొప్పున ఇరవై నాలుగు అంకెలు పుస్తకంలోకి ఎక్కించేవారు. ఆ అంకె గంటలో ఏ క్షణానిదీ కాదు, గంట పొడవునా గీత ఉన్న ఎత్తుకు మనిషి కంటితో కట్టిన సగటు. అంటే మొదటి జల్లెడ మనిషి కన్నే. ఆ కంటికి ఒక గుణం ఉండేది. గీత మసకబారితే అంకె పక్కన చుక్క పెట్టేది, గీత కాగితం అంచు దాటిపోతే ఆ గడిలో అడ్డగీత గీసి ఊరుకునేది. లెక్కల పుస్తకంలో ఖాళీ గడిని ఖాళీగా వదలకూడదన్నది మన కరణాలకూ పట్వారీలకూ తెలిసిన మర్యాదే. ఇక్కడ ఆ అడ్డగీతకు ఇంకో అర్థం కూడా ఉంది. గీత కాగితం దాటేది మామూలు రోజున కాదు, సూర్యుడి నుంచి వచ్చిన పెద్ద అయస్కాంత తుఫాను రోజున. కాబట్టి పాత చిట్టాల్లోని ఖాళీలన్నీ యాదృచ్ఛికంగా పడ్డవి కావు. ఖాళీ గడులున్న రోజులను తీసేసి మిగతావి లెక్కపెట్టు అని ప్రోగ్రాముకు చెప్పేవాడు, తెలియకుండానే పెద్ద తుఫానులను తీసేసి క్షేత్రం ప్రశాంతంగా ఉంది అని రాసుకుంటాడు.

వడపోత ఎంత పెద్ద చరిత్రను మింగగలదో కొలాబా చెబుతుంది. 1859 సెప్టెంబరు 1-2 తేదీల్లో వచ్చిన సౌర తుఫాను మనకు తెలిసినవాటిలో అతి పెద్దవాటిలో ఒకటి. యూరప్, అమెరికాల్లో టెలిగ్రాఫు తీగలు నిప్పురవ్వలు రాల్చిన రోజులవి. కొలాబాలో పరిశీలకులు మామూలుగా గంటకోసారి చూసే కొలతను ఆ వేళ నిమిషాల తేడాతో చూసి రాశారు. క్షేత్రంలోని క్షితిజ సమాంతర భాగం దాదాపు 1,600 నానోటెస్లాలు (క్షేత్ర బలానికి కొలమానం) పడిపోయినట్టు ఆ పుస్తకం చెబుతోంది. ఇరవయ్యో శతాబ్దపు ఘోర తుఫానుల్లో ఒకటై కెనడాలోని క్వెబెక్‌ను చీకట్లో ముంచిన 1989 మార్చి తుఫానులో ఈ పతనాన్ని కొలిచే సూచిక 589 దగ్గర ఆగింది. అందుకని 1,600 అన్న అంకె 2003లో పరిశోధన పత్రంగా వెలువడినప్పుడు అది నిజంగా తుఫానుదేనా అన్న వాదన లేచింది. గంట సగటు తీస్తే అదే పుస్తకంలోని అంకెలు 850 ప్రాంతానికి దిగుతాయని 2006లో మరికొందరు లెక్కగట్టారు. పుస్తకం ఒకటే, తుఫాను ఒకటే. జల్లెడ కళ్ల వెడల్పు మారేసరికి జవాబు సగమైంది. ఈ రెండింటిలో ఏది నిజమని అడగడం కన్నా, ఆ వాదన సాధ్యపడింది ఎందువల్లో చూడడం మేలు. ఆ రోజు కొలాబాలో కూర్చున్నవారు తమకు నమ్మశక్యం కాని అంకెను కూడా ఉన్నదున్నట్టు రాసి వదిలారు. ఐదువందలు దాటిన మార్పు అసాధ్యం, కొట్టెయ్ అనే నియమం అక్కడ ఉండి ఉంటే నూట యాభై ఏళ్ల తర్వాత వాదించుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. ఇవాళ ఏ కుర్ర ప్రోగ్రామరైనా అలాంటి నియమం ఒక్క పంక్తిలో రాసి, చెత్త తీశాను అంటాడు.

ఫొటో కాగితం పోయి అంకెల యంత్రాలు వచ్చాక మనిషి కంటి మొదటి జల్లెడ మాయమైంది. దాని స్థానంలో ఒప్పందాలు వచ్చాయి. ఉప్పల్ శాల 2009లో ఇంటర్‌మాగ్నెట్ అనే అంతర్జాతీయ కూటమిలో చేరింది. కూటమి అడిగేది నిమిషానికొక విలువ, అంటే రోజుకు 1,440 వరుసలు. యంత్రం సెకనుకోసారి కొలుస్తుంది. ఆ సెకన్ల అంకెలను నిమిషానికి అటూ ఇటూ నలభై ఐదేసి సెకన్ల మేర, మధ్యవాటికి ఎక్కువ బరువు, అంచువాటికి తక్కువ బరువు ఇచ్చి కలుపుతారు. ఆ తొంభై సెకన్లలో పదో వంతు కన్నా ఎక్కువ లోపిస్తే ఆ నిమిషానికి విలువ కట్టకూడదన్నది నియమం. ఇలా తయారైన రోజు దస్త్రం ఐయాగా-2002 అనే రూపంలో ఉంటుంది. పైన పరిశీలనశాల పేరు, అక్షాంశ రేఖాంశాలు, ఏయే భాగాలు కొలిచారు, వడపోత ఏమిటి అని పన్నెండు పంక్తుల పరిచయం, కింద అంకెల వరుసలు. ఉప్పల్ శాలకు ఇందులో మూడక్షరాల గుర్తు: హెచ్.వై.బి. కరణం గీసిన అడ్డగీత ఇక్కడ కుదరదు, అంకెల గడిలో అంకే ఉండాలి. అందుకని రెండు దొంగ అంకెలు పెట్టుకున్నారు. కొలిచాం గానీ విలువ పోయింది అనడానికి 99999, ఆ భాగాన్ని మేమసలు కొలవం అనడానికి 88888. రెండూ భూమ్మీద ఏ పరిశీలనశాలలోనూ రాలేనంత పెద్దవి కాబట్టి మనిషి చూడగానే గుర్తుపడతాడు. ప్రోగ్రాము గుర్తుపట్టదు. హైదరాబాద్‌లో క్షితిజ సమాంతర భాగం సుమారు 40,000 నానోటెస్లాలు. రోజులోని 1,440 నిమిషాల్లో ఒక్క నిమిషం విలువ పోయి, ఆ 99999ను నిజం అంకెగా కలిపి సగటు తీస్తే, ఆ రోజు సగటు దాదాపు 42 నానోటెస్లాలు పెరుగుతుంది. తుఫాను లేని ప్రశాంతమైన రోజున ఉదయం నుంచి మధ్యాహ్నానికి హైదరాబాద్‌లో సహజంగా వచ్చే మార్పు నలభై, యాభై మాత్రమే. పది నిమిషాలు పోతే దొంగ పెరుగుదల 417. 2024 మే నెలలో ప్రపంచమంతా చెప్పుకున్న తుఫాను సూచిక కూడా నాలుగొందల పైచిలుకే. తుఫానులో క్షేత్రం తగ్గుతుంది, ఇక్కడ పెరుగుతుంది, అంతే తేడా. కరెంటు పోయి పది నిమిషాలు యంత్రం ఆగడం, ప్రోగ్రాము కళ్లకు ఒక సౌర విపత్తు.

అయితే 99999ను తీసెయ్ అని ఒక్క ముక్క రాస్తే సరిపోదా? ఇదే అందరూ మొదట వేసే ప్రశ్న. నిజానికి తలనొప్పి అక్కడే మొదలవుతుంది. దస్త్రంలో ఆ అంకె 99999.00 అని రెండు దశాంశ స్థానాలతో ఉంటుంది. ప్రోగ్రాము ఆ గడిని అంకెగా కాక అక్షరాలుగా చదివి ఉంటే, 99999 అన్న మాటతో పోల్చినప్పుడు అది వేరే మాట. జల్లెడ ఉంది, పట్టారు, ఏమీ పడలేదు, ఎర్రజెండా ఊపేవారూ లేరు. ఇంకో సంగతి. కొన్ని దస్త్రాలు క్షేత్రాన్ని ఉత్తరపు ముక్క, తూర్పు ముక్క అని విడదీసి ఇస్తాయి. క్షితిజ సమాంతర భాగం కావాలంటే ఆ రెంటి వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. రెండు గడుల్లోనూ 99999 ఉంటే ఫలితం సుమారు 1,41,420 అవుతుంది. లెక్క ముందు కట్టి జల్లెడ తర్వాత పట్టే ప్రోగ్రాము ఈ కొత్త అంకెను ఎన్నడూ ఎరగదు, దర్జాగా వదిలేస్తుంది. ఇంతకన్నా గడుసు తప్పు ఒకటుంది. రెండు పరిశీలనశాలల విలువల తేడా తీసి, తేడా తక్కువ ఉంటే రెండూ బాగా పనిచేస్తున్నట్టు అని తేల్చే నివేదిక తయారుచేశామనుకోండి. రెండుచోట్లా ఒకే వేళ విలువ పోతే 99999లోంచి 99999 తీసేస్తే సున్నా. యంత్రాలు రెండూ మూతబడ్డ వేళను నివేదిక అత్యుత్తమ ఏకీభావంగా చూపిస్తుంది. ఈ మూడు తప్పులకూ ప్రోగ్రాములో ఏ పంక్తీ విరగలేదు, ఏ హెచ్చరికా రాలేదు. గుర్తింపో క్రమమో తప్పింది, అంతే. ముందు దొంగ అంకెలను గుర్తించాలి, ఆ తర్వాతే ఏ కూడికైనా తీసివేతైనా. గుర్తించేటప్పుడు కూడా పోయినదాన్నీ, కొలవనిదాన్నీ ఒకే ఖాళీగా మార్చేస్తే ఇంకో సమాచారం మట్టిలో కలుస్తుంది. పోయినది మరోచోట దొరకవచ్చు, సెకన్ల దస్త్రంలోనో, యంత్రం జ్ఞాపకంలోనో. కొలవనిది ఎక్కడా దొరకదు. వెతకాలా వద్దా అన్నది చెప్పేది ఆ తేడాయే.

హైదరాబాద్‌కే ప్రత్యేకమైన ఉచ్చు ఒకటుంది. ఇక్కడ దిక్సూచి సూది నిజమైన ఉత్తరం నుంచి సుమారు ఒక డిగ్రీ మాత్రమే పక్కకు జరిగి ఉంటుంది. అందువల్ల ఉత్తరపు ముక్కకూ మొత్తం క్షితిజ సమాంతర భాగానికీ తేడా ఐదారు నానోటెస్లాలే. దస్త్రంలో మొదటి గడి ఏ భాగానిదో పైనున్న పరిచయం పంక్తి చెబుతుంది. ఆ పంక్తి చదవకుండా మొదటి గడి ఫలానా అని గడి సంఖ్యను నమ్ముకున్న ప్రోగ్రాము, ఉప్పల్ అంకెలతో ఏళ్ల తరబడి దాదాపు సరైన జవాబే ఇస్తుంది. అదే ప్రోగ్రామును సూది ఎక్కువ డిగ్రీలు తప్పే మరో ఖండపు పరిశీలనశాలకు వాడగానే కుప్పకూలుతుంది. ఇంటి దగ్గర నిజమనిపించుకున్న తప్పు కన్నా ప్రమాదకరమైనది లేదు. వేళ సంగతీ అలాంటిదే. అంతర్జాతీయ దస్త్రాల్లో గడియారం గ్రీనిచ్‌ది. మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందు. ఆ అరగంటే చిక్కు. గంట గంటకూ సగటు తీసిన అంకెలను ఐదు వరుసలు జరిపినా తప్పే, ఆరు జరిపినా తప్పే. గ్రీనిచ్‌లో తొలి గంట మనకు ఉదయం ఐదున్నర నుంచి ఆరున్నర. సగటు అయిపోయిన తర్వాత ఆ గంటను రెండు ముక్కలు చేయడం ఎవరి తరమూ కాదు. రోజువారీ సగటులూ అంతే, మన రోజు అర్ధరాత్రి మొదలైతే దస్త్రం రోజు తెల్లవారుజామున ఐదున్నరకు మొదలవుతుంది. వేళ సరిగ్గా చదివారో లేదో తేల్చడానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు. ఉప్పల్ రేఖాంశం మీద సూర్యుడు నడినెత్తికి వచ్చేది మన గడియారంలో పన్నెండుంపావు ప్రాంతంలో, గ్రీనిచ్ గడియారంలో ఆరూ ముప్పావు ప్రాంతంలో. ప్రశాంతమైన రోజుల్లో క్షేత్రం శిఖరం దాదాపు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. గీత గీసి చూస్తే శిఖరం సాయంత్రమో పొద్దుపొడుపు వేళనో కనబడిందంటే గడియారాన్ని రెండుసార్లు సరిచేశారనో, అసలు సరిచేయలేదనో అర్థం. సాక్ష్యం ఆకాశంలో ఉండగా ప్రోగ్రామును నమ్మడం ఎందుకు?

ఇక మెట్రో. నగరాలకూ దిక్సూచి గదులకూ వైరం పాతది. లండన్ దగ్గరి క్యూ పరిశీలనశాల ట్రాముల దెబ్బకు 20వ శతాబ్దం తొలి దశకంలో తన అయస్కాంత పనిని స్కాట్లాండ్‌లోని ఎస్క్‌డేల్‌మ్యూర్‌కు తరలించింది. టోక్యో నుంచి పని కకియోకాకు వెళ్లింది. ఆ కకియోకాను కాపాడడానికి జపాన్‌లో జోబన్ రైలు మార్గాన్ని కొంతదూరం దాటాక ఏకముఖ విద్యుత్తుతో కాక ప్రత్యావర్తక విద్యుత్తుతో నడుపుతారు, దిక్సూచి కోసం రైలే పద్ధతి మార్చుకున్న అరుదైన చోటు అది. బొంబాయిలో గుర్రపు ట్రాముల స్థానంలో కరెంటు ట్రాములు రాబోతున్నాయని తెలిసినప్పుడు కొలాబా డైరెక్టరుగా ఉన్న నానాభాయ్ ఆర్దేషిర్ మూస్ సముద్రానికి ఆవల అలీబాగ్‌లో కొత్త శాల కట్టించాడు. ఇనుము జాడ లేని పోర్‌బందర్ రాయితో కట్టిన ఆ శాలలో 1904లో పని మొదలైంది. కొలాబా వెంటనే మూతబడలేదు. 1906 దాకా రెండుచోట్లా ఒకే వేళ కొలతలు తీశారు. ట్రాములు నడిచింది 1907లో. హైదరాబాద్‌కూ ఇలాంటి కథే ఒకటి ముందే ఉంది. నగరపు వెలుగులు పెరిగాక నిజామియా వేధశాల వారసత్వాన్ని అందుకున్న ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల దూరదర్శినిని 1968లో జాపాల-రంగాపూర్ గుట్టల దగ్గర నిలబెట్టుకుంది. ఉప్పల్ విషయంలో మెట్రో ఒప్పందం 2010లో కుదిరింది. నాగోల్ వైపు స్తంభాలు లేవడం మొదలైన 2012లోనే ఎన్.జి.ఆర్.ఐ. విజయవాడ దారిలో చౌటుప్పల్ దగ్గరి తన ఆవరణలో రెండో అయస్కాంత శాల నెలకొల్పింది. నాగోల్-అమీర్‌పేట రైళ్లలో ప్రజలు ఎక్కింది 2017 నవంబరు 29న. అంటే రైలు రాకముందు రెండు శాలలూ ఒకే ఆకాశం కింద ఒకే తుఫానులను కొలిచిన ఐదేళ్లు చేతిలో ఉన్నాయి.

నా వాదనకు ఈ ఐదేళ్లే ఆధారం. ఎదుటి పక్షం మాటల్లో బలమున్నవి రెండున్నాయి. మొదటిది, హైదరాబాద్ మెట్రో నడిచేది 25 కిలోవోల్టుల ప్రత్యావర్తక విద్యుత్తు మీద, అది సెకనుకు వందసార్లు దిశ మార్చుకుంటుంది, నిమిషం సగటులో దానంతటదే తుడిచిపెట్టుకుపోతుంది, జపాన్ వాళ్లు చేసింది అదే కదా, మరి అంత హడావుడి ఎందుకు? విద్యుత్తు వరకు ఈ మాట నిజం. రైలు అంటే విద్యుత్తు మాత్రమే కాదు, టన్నుల కొద్దీ కదిలే లోహం. స్తంభాల్లో, స్టేషన్లలో ఇనుప కడ్డీలు. స్టేషన్ వచ్చాక చుట్టూ పెరిగే భవనాలు, వాహనాలు. అలాంటి ఇనుప ముద్ద ప్రభావం దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది కాబట్టి నాలుగడుగులు దూరంగా ఉంటే చాలనిపించవచ్చు. కానీ ఈ శాలలు పట్టుకోవాల్సింది నలభై వేలలో పదో వంతు నానోటెస్లాను. కదలని స్తంభం అంకెలను ఒక్కసారి పైకో కిందికో జరిపి అక్కడే నిలబెడుతుంది, అది భూగర్భంలోని మార్పో, కాంక్రీటు స్తంభమో ఆ ఒక్క చిట్టా చూసి ఎవరూ చెప్పలేరు. రెండో మాట ఇంకా గట్టిది. ఇప్పటి గణిత పద్ధతులు, నేర్చుకునే యంత్రాలు రైలు వచ్చిపోయే ఆకారాన్ని గుర్తుపట్టి తీసేయగలవు, రాత్రి రైళ్లు ఆగిన వేళ అంకెలు చూసి పగటి రొదను అంచనా కట్టవచ్చు అంటారు. రాత్రి పగలు ఒకటైతే ఆ ఉపాయం పారేది. సూర్యుడి ఎండతో వచ్చే సహజ మార్పంతా పగటిదే, రైళ్లు తిరిగేదీ పగలే. రెండూ ఒకే వేళాపట్టికలో నడిచే వస్తువులను వేళను బట్టి విడదీయలేం. ఇక ఆకారం సంగతి. సౌర తుఫాను తొలి తాకిడి క్షేత్రాన్ని కొద్ది నిమిషాల్లో గబుక్కున పైకెత్తుతుంది. హఠాత్తుగా లేచే ప్రతి మెట్టునూ రైలు ఖాతాలో వేసే జల్లెడ ఆ తాకిడినీ వేసుకుంటుంది. మనకు కావలసిందే అది.

చౌటుప్పల్ పక్కన పెట్టుకుంటే లెక్క మారిపోతుంది. ఆకాశం నుంచి వచ్చే మార్పు ఈ కొద్ది దూరంలో రెండుచోట్లా దాదాపు ఒక్కలాగే పడుతుంది. నేల వాహకత్వంలో తేడాల వల్ల కొద్దిపాటి భేదం ఉంటుంది, దాన్ని రైలు రాని ఐదేళ్ల అంకెల నుంచే నేర్చుకోవచ్చు. ఆ తర్వాత ఉప్పల్‌లో కనబడి చౌటుప్పల్‌లో కనబడనిది ఉప్పల్ వీధిది. ఇక్కడ పనిచేస్తున్నది జల్లెడ తెలివి కాదు, రెండో సాక్షి. సాక్షిని నేరం జరిగాక వెతుక్కోలేదు, ముందే కూర్చోబెట్టారు. మూస్ 1904లో చేసినదీ అదే. వందేళ్లలో కంప్యూటర్లు వచ్చాయి, ఉపాయం మారలేదు. నన్నడిగితే ఈ చరిత్రలో గొప్ప ప్రోగ్రాము ఏదీ లేదు, గొప్ప ముందుచూపు మాత్రం రెండుసార్లు ఉంది.

అయస్కాంతాల గొడవ మాకెందుకు, మా నివేదికలు జీతాలవీ బిల్లులవీ అనేవారు ఉప్పల్‌లోనే వేలల్లో ఉంటారు. ఉప్పల్ పారిశ్రామిక వాడలో ఒకప్పుడు యంత్రాలు బిగించిన చోట్ల ఇప్పుడు ఇతర దేశాల కంపెనీల ఖాతాలు సరిచూస్తున్నారు. జనరల్ ఎలక్ట్రిక్ నుంచి 2005లో విడివడిన జెన్‌ప్యాక్ట్ ఆవరణ అక్కడిదే. వాళ్ల గడుల్లో కూడా ఇవే ప్రశ్నలు. ఖాళీ అంటే సున్నానా, తెలియదా? మూడూ నాలుగూ అని రాసిన తేదీ ఏప్రిల్ మూడా, అమెరికా వాళ్ల లెక్కన మార్చి నాలుగా? ముందు వడగట్టారా, ముందు కూడారా? పొరుగునే నాచారంలో కొన్నేళ్లు నడిచి ఇప్పుడు ఉప్పల్ ఇన్నర్ రింగ్ రోడ్డు మీద ఉన్న డి.ఎన్.ఎ. వేలిముద్రల కేంద్రం సి.డి.ఎఫ్.డి. మరో ఉదాహరణ. డి.ఎన్.ఎ. వేలిముద్ర నివేదిక చివరికి అంకెల పట్టికే. యంత్రం గీసే శిఖరాల్లో ఫలానా ఎత్తు దాటనివాటిని లెక్కలోకి తీసుకోకూడదన్న హద్దు ఒకటి ఈ రంగంలో ప్రతి ప్రయోగశాలా పెట్టుకుంటుంది. ఆ హద్దు కింద రొదా ఉండవచ్చు, సరిపడా లేని నమూనాలోని నిజమైన గుర్తూ ఉండవచ్చు. కోర్టులో ప్రశ్న వచ్చేది పట్టిక మీద కాదు, హద్దు మీద. హద్దు రాసి ఉండి, గీసిన అసలు బొమ్మ భద్రంగా ఉంటే జవాబు చెప్పవచ్చు. దక్షిణ ధ్రువం మీద ఓజోన్ చిల్లు కథ కూడా ఇందుకే గుర్తుంచుకోదగింది. ఉపగ్రహం అంకెలను నాసా ప్రోగ్రాము చెరిపేసిందని లోకంలో ప్రచారం. జరిగింది అది కాదు. 180 డాబ్సన్ యూనిట్ల కన్నా తక్కువ ఓజోన్ చూపినవాటికి అనుమానపు గుర్తు వేసి పక్కన పెట్టింది. 1985లో బ్రిటిష్ బృందం నేల మీది కొలతలతో చిల్లును ప్రకటించాక ఉపగ్రహం అంకెల్లోనూ అది వెంటనే బయటపడిందంటే, గుర్తు వేసినవి చెరిగిపోక అలాగే ఉండడం వల్లే. పక్కన పెట్టడానికీ పారేయడానికీ మధ్య ఉన్న తేడాలోనే ఒక శాస్త్రం చావుబతుకులున్నాయి.

ఒక అభ్యంతరం మాత్రం నేను పూర్తిగా కొట్టిపారేయలేను. అన్నీ దాచి, ప్రతిదానికీ గుర్తు వేసి, ప్రతి నిర్ణయానికీ కారణం రాస్తూ కూర్చుంటే పని ఎప్పుడు తెమలాలి? సెకనుకొక కొలత అంటే రోజుకు 86,400 వరుసలు, ఏడాదికి మూడు కోట్ల పైచిలుకు. వీటన్నింటికీ చుక్కలు పెట్టే పాత పరిశీలకుడు దొరకడు. ఇంటర్‌మాగ్నెట్ దీనికి కనిపెట్టిన జవాబు నాకు నచ్చుతుంది. అంకెలన్నింటినీ ఒకే రకంగా చూడకుండా మెట్లుగా విడదీసింది. యంత్రం నుంచి అప్పటికప్పుడు వచ్చినవి ఒక రకం, సవరించినవి ఇంకో రకం, ఏడాది గడిచాక సంపూర్ణ పరిశీలనలతో పోల్చి ఖరారు చేసినవి వేరే రకం. సంపూర్ణ పరిశీలన అంటే ఇనుము లేని దుర్భిణీతో మనిషి స్వయంగా వెళ్లి కొలవడం. జేబులో తాళంచెవి కూడా ఉండకూడదు. దస్త్రం పరిచయంలో ఇది ఏ రకమో ఒక్క మాటలో రాసి ఉంటుంది. త్వరపడేవారు మొదటి రకం వాడుకోవచ్చు, తొందర లేనివారు ఖరారైనదాని కోసం ఆగవచ్చు. ఎవరికి ఏది కావాలో వారు తేల్చుకుంటారు, పేరు మాత్రం దాచకూడదు. వడపోత మీద నమ్మకం ఎంత ఉండాలో ఆ ఒక్క మాట చెబుతుంది, చాలా ప్రోగ్రాములు దాటవేసే మాట కూడా అదే.

చౌటుప్పల్ శాలకు ఉప్పల్ గుర్తు ఇవ్వలేదు. దాని మూడక్షరాలు సి.పి.ఎల్. 1964 నుంచి నడిచిన వరుసను కొత్త చోటికి మోసుకుపోయి ఒకటే పేరుతో కలిపేసి ఉంటే పాఠకుడికి సుఖంగా ఉండేది, చదివే ప్రోగ్రాముకు ఇంకా సుఖంగా ఉండేది. అలా చేయనందుకు వారికి మనం రుణపడి ఉన్నాం. ఈ రెండు చిట్టాలను కలిపి ఒకే గీతగా గీయదలచినవారు గీయవచ్చు. కలిపిన తేదీ ఏదో, ఎంత జరిపి అతికించారో, ఎన్ని నిమిషాలను ఏ కారణంతో తీసేశారో దస్త్రం పైనున్న పరిచయం పంక్తుల్లోనే రాయండి. వ్యాఖ్యల కోసం ఆ దస్త్రంలో చోటు ముందే వదిలి ఉంచారు.